పెంపుడు కుక్క: టీకా, నట్టల మందు, అలవాట్లు

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. నెల తర్వాత బూస్టర్, ఆపై ఏడాదికోసారి తప్పనిసరి. ఏటా జూలై 6న జునోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు.

పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి. గొర్రెలున్న రైతులు దీన్ని అస్సలు మరవకూడదు. చచ్చిన గొర్రె తలను కుక్కకు పడేస్తే, ఆ మెదడులో నీటితిత్తి ఉంటే, కుక్క పేగుల్లో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి, మేత ద్వారా తిరిగి మందకే చేరతాయి. రోగం సోకిన గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ చివరికి చనిపోతుంది. అందుకే తలలను లోతుగా పూడ్చండి.

గోమార్లు పట్టాయని పంటకు కొట్టే పురుగుమందు పూయకండి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, విషం కడుపులోకి పోతుంది. పశువైద్యుడు రాసిన మందే వాడండి.

రోజంతా గొలుసుతో కట్టేస్తేనే కాపలాకు పనికొస్తుందనుకోవడం పొరపాటు. అలాంటి కుక్క బెదిరి ఇంటి పిల్లల్నే కరవొచ్చు. రెండు పూటలా కాసేపు తిప్పండి, మాట విన్న వెంటనే చిన్న రొట్టె ముక్క పెట్టండి.

ఎవరినైనా కరిస్తే, టీకా వేసిన కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు నీటి ధార కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కారం, సున్నం పెట్టవద్దు.