తులసీదాస్ బలరామ్

తులసీదాస్ బలరామ్ (1936 – 2023 ఫిబ్రవరి 16) సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పుట్టి, 1956 నుంచి 1962 వరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన మేటి క్రీడాకారుడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున బరిలో దిగారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. అదే సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు. ప్రదీప్ కుమార్ (పి.కె.) బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులుగా చెప్పుకుంటారు. మొదటి ఇద్దరి పేర్లూ దేశమంతటికీ తెలుసు. మూడో పేరు ఆయన పుట్టిన చోటే చాలామందికి తెలియదు.

ఊరు, బాల్యం

అమ్ముగూడ, యాప్రాల్ పక్కపక్క ఊళ్లు. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు వెళ్లే రైలు మల్కాజ్‌గిరి దాటాక అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం స్టేషన్ల మీదుగా సాగుతుంది. ఒక స్టేషన్ పేరులోనే గుర్రపు దళం వినిపిస్తుంది. 1806 ప్రాంతంలో బ్రిటిష్ దండు విడిది చేసినప్పటి నుంచి ఈ చుట్టుపక్కలంతా సైన్యం నీడలోనే పెరిగింది. తిరుమలగిరి, బొల్లారం బ్యారకుల్లో తెల్ల సిపాయిలు ఆడిన ఫుట్‌బాల్‌ను చుట్టుపక్కల బస్తీల పిల్లలు చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు యాప్రాల్ అంటే అపార్ట్‌మెంట్లు, మాజీ సైనికుల కాలనీలు గుర్తొస్తాయి గాని, బలరామ్ పుట్టేనాటికి ఇదంతా పొలాలు, బండరాళ్లు, దండు స్థలాలు.

దండుతో పాటు మద్రాసు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తమిళ కుటుంబాలు సికింద్రాబాద్‌లో చాలా ఉన్నాయి. బలరామ్‌వారిదీ తమిళ కుటుంబమే. తండ్రి తులసీదాస్ కాళిదాస్, తల్లి ముత్తమ్మ. ఇంట్లో పేదరికం. కొడుకు చదువుకుని ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవాలన్నది తల్లి కోరిక. కొడుకు మనసు మాత్రం మైదానంలో ఉండేది. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, తల్లి దగ్గర రెండు రూపాయలు తీసుకుని, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్ల తోలుతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్న సంగతిని ఆయన పెద్దయ్యాక కూడా చెప్పేవారు. ఆ రోజుల్లో బూట్లు చిన్న విషయం కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చాలామంది మనవాళ్లు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడారు. ఆ దెబ్బతోనే భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరయ్యాయి. బలరామ్ తరం సరిగ్గా ఆ మలుపులో ఎదిగి వచ్చింది.

రహీం కంటపడటం

ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టుతో మొదలుపెట్టి, హైదరాబాద్ లీగ్‌లో రైడర్స్ క్లబ్‌కు ఆడుతున్న రోజుల్లో బలరామ్ సయ్యద్ అబ్దుల్ రహీం దృష్టిలో పడ్డారు. రహీం (1909–1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి, బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే పాస్ ఇవ్వాలి, ఇలాంటి నియమాలతో ఆయన ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టించేవారు. హైదరాబాద్ ఆటగాళ్లకు దేశమంతటా పేరు తెచ్చిన ఆ చకచకా పాస్‌ల ఆట ఈ కసరత్తు ఫలమే.

రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టు ఎంపిక శిబిరానికి రమ్మని రహీం పిలిచినప్పుడు బలరామ్ వెంటనే సరేననలేకపోయారు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రోజూ వచ్చిపోవడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. సైకిల్ అద్దెకు రహీం తన జేబులోంచి డబ్బులిచ్చారు. ఆ అద్దె సైకిల్ మీదే బలరామ్ శిబిరానికి వెళ్లివచ్చారు. ఎంత ప్రతిభ ఉన్నా చేరవలసిన చోటికి చేరే దారి లేక ఆగిపోయే పిల్లలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, భారత క్రీడా చరిత్రలో ఆ సైకిల్ అద్దెకు దక్కాల్సిన చోటు చాలా పెద్దదని చెప్పక తప్పదు.

ఆ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. బలరామ్‌కు 1956 ఒలింపిక్స్ జట్టులో చోటు దక్కింది.

మెల్‌బోర్న్

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే నెల 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. హైదరాబాద్ రాష్ట్రం పటం మీంచి తొలగిపోయిన ఆ రోజుల్లోనే భారత ఫుట్‌బాల్ జట్టులో హైదరాబాద్ వాళ్లు నిండుగా ఉన్నారు. అజీజుద్దీన్, లతీఫ్, నూర్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, పీటర్ తంగరాజ్, వీళ్ల సరసన బలరామ్. డిసెంబర్ 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ సాధించడం అదే మొదటిసారి. సెమీఫైనల్లో యుగోస్లావియా 4–1తో, కాంస్య పతక పోరులో బల్గేరియా 3–0తో మనల్ని ఓడించాయి. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ అందుకున్న అత్యుత్తమ స్థానం ఇప్పటికీ అదే.

కలకత్తా

1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. అప్పట్లో హైదరాబాద్ ఆటగాళ్లు తయారయ్యేది ఫతే మైదాన్, జింఖానా మైదానాల్లోనైనా, పేరూ జీతమూ దొరికేది కలకత్తాలోనే. ఆరు సీజన్లలో ఆయన ఆ క్లబ్ తరఫున 104 గోల్స్ చేశారు. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్, 1960లో మోహన్ బగాన్‌తో కలిసి సంయుక్తంగా డ్యురాండ్ కప్ ఆ క్లబ్ ఖాతాలో చేరాయి. 1961లో కెప్టెన్‌గా ఆయన జట్టును కలకత్తా లీగ్ విజేతగా నిలిపారు. ఆ లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికంటే ముందున్నదీ ఆయనే. 1962 రోవర్స్ కప్‌లో ఈస్ట్ బెంగాల్‌తో పాటు సంయుక్త విజేతగా నిలిచిన రెండో జట్టు ఆంధ్ర పోలీస్. ఒకటి ఆయన ఆడిన క్లబ్, రెండోది రహీం పెంచిన సిటీ పోలీస్‌కు వారసురాలు.

రోమ్, 1960

బలరామ్ ఆటజీవితంలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది రోమ్ ఒలింపిక్స్. భారత్ పడిన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. ఏ కోణంలో చూసినా మనకు మించిన పోటీ. హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ల తర్వాత యూరప్ మేటి ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నది అతనే.

ఆగస్ట్ 26న ఆ హంగరీతో భారత్ చివరిదాకా పోరాడి 1–2తో ఓడింది. మన గోల్ 79వ నిమిషంలో బలరామ్ చేశారు. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌తో ఆటలో పి.కె. బెనర్జీ గోల్‌తో భారత్ ముందంజ వేసింది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఫ్రాన్స్ సమం చేసింది. 1–1. కాసేపు నిలదొక్కుకుని ఉంటే ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద గెలుపు మన పుస్తకాల్లోకి ఎక్కేది. సెప్టెంబర్ 1న పెరూతో మూడో ఆట. 1–3తో ఓటమి. అందులోనూ మన ఒక్క గోల్ బలరామ్‌దే, 88వ నిమిషంలో.

ఆ తర్వాత భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. అంటే ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశం చేసిన చివరి గోల్ అమ్ముగూడ కుర్రాడి కాలి నుంచి వచ్చింది. అరవై ఏళ్లు దాటినా ఆ వరుసలో దాని తర్వాత ఇంకొకటి చేరలేదు.

జకార్తా, 1962

1958 టోక్యో ఆసియా క్రీడల్లో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్న భారత్ జకార్తాలో దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమితో మొదలుపెట్టింది. తర్వాతి రెండు ఆటలూ గెలిచి తీరాలి. థాయ్‌లాండ్‌పై 4–1తో, జపాన్‌పై 2–0తో భారత్ గెలిచింది. రెండింటిలోనూ బలరామ్ గోల్ చేశారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2తో నెగ్గాక, సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడంపై భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారన్న కోపంతో స్టేడియంలో లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలి చేశారు. అంతకుముందు ఒక ఆటలో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2–1తో స్వర్ణం మనది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి బలరామ్‌తో పాటు గోల్‌కీపర్ తంగరాజ్, మిడ్‌ఫీల్డర్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆట తీరు

బలరామ్ అసలు స్థానం ఇన్‌సైడ్ లెఫ్ట్. నేటి పరిభాషలో చెప్పాలంటే దాడిలో ముందుకు వెళ్లే మిడ్‌ఫీల్డర్‌కు దగ్గరి పాత్ర. ఆనాటి జట్లలో అయిదుగురు ముందు వరుసలో ఉండేవారు. అందులో ఇన్‌సైడ్ ఆటగాళ్లిద్దరూ మైదానం మధ్యకు దిగి, హాఫ్‌బ్యాక్‌ల నుంచి బంతి అందుకుని దాడిని కట్టాలి. 1953లో ఇంగ్లండ్‌ను వెంబ్లీలో 6–3తో ఓడించిన హంగరీ, సెంటర్ ఫార్వర్డ్ కూడా ఇలా వెనక్కి దిగి ఆడే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చింది. రహీం దాన్ని శ్రద్ధగా చదివి మన జట్టుకు నేర్పారు. ఆ ఇన్‌సైడ్ స్థానంలో చునీ గోస్వామి ఆడితే బలరామ్ ఎడమ వింగ్‌కు వెళ్లేవారు. అవసరమైతే సెంటర్ ఫార్వర్డ్‌గానూ నిలిచేవారు. ఎక్కడ నిలబెట్టినా అక్కడ ఒదిగిపోవడం ఆయన బలం. పేరు రావడానికి అదే అడ్డమైందనిపిస్తుంది. పి.కె. అనగానే కుడి వింగ్ పరుగు, చునీ అనగానే డ్రిబ్లింగ్ జనానికి గుర్తొస్తాయి. బలరామ్‌కు అలా ఒక్క ముద్ర పడలేదు. ఆయన బంతిని ఆపే తీరు, ఖాళీ చూసి కదిలే తెలివి, పక్కవాడికి అందించే నేర్పు మైదానం అంతటా పరుచుకుని ఉండేవి. ముగ్గురిలోనూ సంపూర్ణ ఆటగాడు బలరామే అనేవాళ్ల మాటలో బలముంది.

విరమణ, తర్వాతి జీవితం

1963లో ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) జట్టుకు మారారు. ఊపిరితిత్తుల జబ్బు ముంచుకొచ్చి, 27 ఏళ్లు నిండీ నిండకుండానే ఆట మానేయవలసి వచ్చింది. అప్పటికి ఆయన ఆటలో పదును ఏమాత్రం తగ్గలేదు. ఇంకో అయిదేళ్లు ఆడగల మనిషి. గురువు చనిపోయిన ఏడాదే శిష్యుడి ఆటా ముగిసింది. ఆ ఇద్దరి తర్వాత భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల స్వర్ణాన్ని మళ్లీ చూడలేదు.

రైల్వే ఉద్యోగం చేస్తూ బలరామ్ బెంగాల్‌లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో, గంగ ఒడ్డున ఒక ఫ్లాట్‌లో చివరిదాకా గడిపారు. పి.కె. బెనర్జీ 2020 మార్చిలో, చునీ గోస్వామి అదే ఏడాది ఏప్రిల్‌లో మరణించారు. కొంతకాలం ఆసుపత్రిలో చికిత్స పొంది 2023 ఫిబ్రవరి 16న బలరామ్ కోల్‌కతాలో మరణించారు. రహీం జీవితంపై తీసిన హిందీ సినిమా ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో బలరామ్ పాత్ర ఉంది. చూడటానికి ఆయన లేరు.

గుర్తింపు

చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. అదే జట్టులో అదే స్వర్ణం గెలిచి, రోమ్‌లో వాళ్లిద్దరికంటే ఎక్కువ గోల్స్ చేసిన బలరామ్‌కు బతికుండగా ఆ గౌరవం దక్కలేదు. దీనికి సమర్థన ఏదీ కనిపించదు. ఆడింది బెంగాల్‌లో కాబట్టి తెలుగునేల ఆయన్ను తనవాడని గట్టిగా అడగలేదు. పుట్టింది హైదరాబాద్‌లో కాబట్టి బెంగాల్ తన సొంతబిడ్డల వరుసలో ఆయన్ను ముందు నిలపలేదు. ఆయన పుట్టిన ఊరి మీదుగా రైలు పట్టాలున్నాయి, ఆయన కడుపు నింపింది కూడా రైల్వేనే. అమ్ముగూడ స్టేషన్‌లో ఆయన పేరు, పుట్టిన సంవత్సరం, రోమ్‌లో చేసిన రెండు గోల్స్ రాసిన ఒక ఫలకం పెట్టించే పని రైల్వే అధికారులు, యాప్రాల్–అమ్ముగూడ కాలనీ సంఘాలు కలిసి పూనుకుంటే అయ్యేదే. ఆ పని ఇప్పుడైనా చేయాలి.