పటమట, తుమ్మపూడి: కృష్ణాతీరమున నిరీశ్వర శాంతిసాధన

బెజవాడ కడ 1852–1855 సంవత్సరముల నడుమ ఆనకట్ట నిర్మింపబడి, కృష్ణాజలము తూర్పు కాలువలకును పశ్చిమ కాలువలకును పంచబడిన నాటినుండి ఈ డెల్టా చరిత్రను వ్రాసినవారు వరిపంటను గూర్చియు, రైలు జంక్షనును గూర్చియు, పత్రికలను, ముద్రణాలయములను, రాజకీయోద్యమములను గూర్చియు విస్తారముగా వ్రాసియున్నారు. ఈ నేలమీదనే కొందరు దేవుని శరణు వేడక, మతము నాశ్రయింపక, తమ మనస్సునకు తామే శాంతిని సమకూర్చుకొనుటకై చేసిన సాధనకును ఒక చరిత్ర కలదు. అది తక్కిన చరిత్రలకంటె తక్కువది కాదని నా విశ్వాసము.

అట్టి సాధన ఈ తీరమునకు క్రొత్తది కాదు. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతులలో స్తూపములు వెలసిన కాలమున, సృష్టికర్తయను భావనపై నాధారపడక, తృష్ణాక్షయముచేతనే దుఃఖము నశించునని బోధించిన బౌద్ధధర్మము ఇచట శతాబ్దముల తరబడి వర్ధిల్లెను. భట్టిప్రోలున బయల్పడిన ధాతుకరండముల శాసనములలో రాజు పేరుతోపాటు సామాన్యులైన గోష్ఠీజనుల, అనగా సమితి సభ్యుల, పేర్లును చెక్కబడియుండుట గమనింపదగినది. ఆ స్తూపములు మట్టిదిబ్బలైన పిమ్మట గడచిన కాలము సుదీర్ఘమైనది. ఇరువదవ శతాబ్దపు సాధకులు ఆ ధర్మమునకు నేరుగా వారసులని చెప్పబోను. కాని దైవముపై భారము వేయక మనుష్యుడు తన్ను తాను చక్కదిద్దుకొనవచ్చునను భావము ఈ మట్టికి పరాయిది కాదని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఆధునిక కాలమున ఆ భావమునకు పాదు కట్టినవి విద్యయు, సంస్కరణోద్యమమును. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు బెజవాడ జన్మస్థానమయ్యెను. పురోహితుడు చెప్పినదే వినవలసిన గ్రామీణుడు, పుస్తకము చేతికి వచ్చిన పిదప ఏకాంతమున కూర్చుండి తానే విచారింప నేర్చెను. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సూతాశ్రమమున నివసించుచు, పురాణములను హేతుదృష్టితో విమర్శించి, తెలుగున ‘వివాహవిధి’ని రచించి, అర్థమెరుగని మంత్రమునకు బదులు అర్థమైన మాటతో పెండ్లి జరుపుకొనవచ్చునని నిరూపించిరి.

ఈ నేపథ్యముననే గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, తమ ప్రయోగమున కుపక్రమించిరి. 1902లో జన్మించి, వృక్షశాస్త్రాధ్యాపకులైన ఆయన, నాస్తికాభిప్రాయముల కారణముగా 1933లో కాకినాడ కళాశాలలోని యుద్యోగమును కోల్పోయిరి. బందరు హిందూ కళాశాలలోని కొలువును సయితము తుదకు విడిచి, 1940లో సకుటుంబముగా ముదునూరు గ్రామము చేరి నాస్తిక కేంద్రమును స్థాపించిరి. అంతకు పూర్వమే ఆ దంపతులు దయ్యముల కొంపయని పేరుబడిన యింట కాపురముండిరి. భార్య సరస్వతిగారు గర్భవతిగా నుండియు గ్రహణవేళ నిర్భయముగా వెలుపల సంచరించిరి. ఇవి వినోదార్థము చేసిన సాహసములు కావు. భయము తొలగనిదే మనస్సు నిలువదనియు, దైవమునకో విధికో తాను బానిసనని తలచినంతకాలము మనుష్యునకు స్వేచ్ఛ లేదనియు గోరాగారి సిద్ధాంతము. నాస్తికత్వమనగా కేవలము దేవుడు లేడనుట కాదు, మానవుని స్వేచ్ఛాసంకల్పము వెల్లడియగుటయే యని ఆయన వివరించిరి.

సంకల్పము స్వేచ్ఛ గలదైనచో, దాని ఫలితమునకు బాధ్యతయు తనదే. కనుక ముదునూరులో ఆయన వయోజనులకు చదువు చెప్పిరి. అస్పృశ్యులనబడిన వారితో సహపంక్తి భోజనములు నడిపిరి. 1944లో సేవాగ్రామమున గాంధీజీని కలిసికొని చర్చించిరి. సత్యమే దేవుడని యప్పటికే ప్రకటించిన ఆ మహాత్ముడు, గోరాగారి కుమార్తెకును హరిజన యువకునకును తన యాశ్రమముననే వివాహము జరిపించుటకును, ప్రమాణమున దేవుని పేరునకు బదులు సత్యమును నిలుపుటకును సమ్మతించెను. గాంధీజీ హత్యానంతరము 1948 మార్చిలో ఆ వివాహము సేవాగ్రామముననే జరిగెను. ఒకరు ప్రార్థనాపరులు, మరియొకరు నిరీశ్వరులు. అయినను ఆలోచనకును ఆచరణకును నడుమ ఎడము లేకుండుటయే శాంతికి మూలమను విషయమున వారిరువురును ఏకమైరి.

1947లో కేంద్రము బెజవాడ ప్రక్కనున్న పటమటకు తరలెను. 1972లో అచట ప్రపంచ నాస్తిక మహాసభ జరిగెను. 1975లో గోరాగారు మరణించిరి. రెండేండ్లకే, 1977 నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిన ఆ విపత్తున, ఇది దేవుని సంకల్పమని యూరడిల్లుటకు వీలులేని ఆ కేంద్రమువారు బాధితుల సేవకై కదలిరి. ఓదార్పునకు వారికి తెలిసిన మార్గమదియే.

పశ్చిమ డెల్టాలో, దుగ్గిరాల చెంతనున్న తుమ్మపూడిలో, వేరొక విధమైన సాధన సాగెను. సూర్యదేవర సంజీవదేవ్‌గారు (1914–1999) యౌవనమున హిమాలయ ప్రాంతములలో సంచరించి, కులూలోయలో నికొలస్ రోరిక్ అను చిత్రకారుని దర్శించి, రాహుల్ సాంకృత్యాయనుని వంటి పండితుల స్నేహము గడించి, తుదకు స్వగ్రామమునకే మరలివచ్చిరి. బెజవాడను విడిచి 1950లో అరుణాచలమునకు వెడలిన రచయిత చలముగారు గురుసన్నిధిలో వెదకినదానిని, సంజీవదేవ్‌గారు తమ యింటి పెరటిచెట్లయందును, పాస్టెల్ వర్ణములయందును, మిత్రులకు వ్రాసిన అసంఖ్యాకములైన లేఖలయందును వెదకిరి. ‘రసరేఖ’, ‘తెగిన జ్ఞాపకాలు’ మున్నగు గ్రంథములు ఆ జీవితమున పండిన ఫలములు. వారికి సౌందర్యానుభవమే ధ్యానము. చూచుట నేర్చుటయే నియమము.

పటమటది కర్మమార్గము, తుమ్మపూడిది రసమార్గము. రెండింటను మంత్రము లేదు, దీక్షావస్త్రము లేదు, పరలోకపు వాగ్దానము లేదు. అయినను ఇవి సులభమార్గములని భ్రమపడరాదు. తప్పు చేసి ప్రాయశ్చిత్తముతో తుడిచివేసికొను సౌకర్యము నిరీశ్వరునకు లేదు. దుఃఖము కలిగినప్పుడు కర్మఫలమని సరిపెట్టుకొను వీలును లేదు. అతడు ప్రతిదినము తన నడవడిని తానే పరీక్షించుకొనవలెను, తన మనస్సునకు తానే సమాధానము చెప్పుకొనవలెను. నేడు మనశ్శాంతి కొన్ని దినముల శిక్షణ చేతనే లభించునని నమ్మి రుసుము చెల్లించువారనేకులు కలరు. వారు ఈ చరిత్రను చదువుట మేలు. దేవుని విడిచి శాంతిని పొందగోరువాడు, దేవునికి విడిచిపెట్టిన పనులనన్నిటిని తానే చేపట్టవలెను. ఆ పని ఇరుగుపొరుగు నడుమ, ఉన్న యూరిలోనే, జీవితాంతము సాగవలసినదని కృష్ణకు ఇరువైపుల జీవించిన ఈ పెద్దలు తమ బ్రతుకులతో చాటిరి.