చదివే యంత్రమా, రాసే యంత్రమా? : సీడీ రైటర్ గుర్తింపు దోషం – పరకాల స్థానిక చరిత్ర ఆధారాలు

ప్రవేశిక:

1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ పతాకాన్ని ఎగురవేయడానికి పరిసర గ్రామాల నుంచి తరలివచ్చిన ప్రజలపై నిజాం ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపాయి. ఆ అమరుల స్మారకంగా అమరధామం 2003లో రూపుదిద్దుకుంది. రెండింటి మధ్య యాభై ఆరేళ్లు. కాల్పుల నాడు ఇరవై ఏళ్ల వయసున్న సాక్షి, స్మారకం వెలిసేనాటికి డెబ్బై ఆరేళ్ల వృద్ధుడు. ఆ తరం తన నోటితో చెప్పగలిగిన చివరి సంవత్సరాలూ, తెలంగాణలోని చిన్న పట్టణాలలో సీడీ రైటర్ వాడుకలోకి వచ్చిన తొలి సంవత్సరాలూ ఒకటే. స్థానిక చరిత్రకారునికి ఇది చిన్న విషయం కాదు.

అంతకు ముందు టేపు ఉంది, తరువాత మెమరీ కార్డూ సెల్‌ఫోనూ వచ్చాయి. ఈ రెండింటి నడుమ పది పన్నెండేళ్లపాటు ఒక ఊరు తన గురించి తాను దాచుకున్నది ఎక్కువగా డిస్కుల మీదనే. పెద్దల మాటలు, సభల ప్రసంగాలు, ధూంధాం పాటలు, జాతర దృశ్యాలు, పెళ్లి వీడియోలు అన్నీ ఆ మార్గంలోనే వచ్చాయి. అయితే ఆ డిస్కులను రాసిన యంత్రాన్ని దాని కంప్యూటరే చాలాసార్లు సరిగా గుర్తించలేదు. రాయగల యంత్రాన్ని చదివే యంత్రంగా మాత్రమే చూపింది. యంత్రం చెడిపోవడం దీనికి కారణం కాదు. పేర్ల జాబితా ఒక ఏడాది తయారై, పరికరం మరొక ఏడాది తయారైనందువల్ల ఏర్పడిన కాలభేదమే కారణం. ఆ కాలభేదం ఎలా పనిచేసిందో తెలియకపోతే నేడు ఆ డిస్కులను ఆధారాలుగా చదవడం కష్టం.

1. యంత్రం తనను తాను పరిచయం చేసుకునే తీరు:

కంప్యూటర్ వెలిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి డ్రైవునూ ‘నీవెవరు?’ అని అడుగుతుంది. డ్రైవు తన తయారీదారు పేరు, నమూనా పేరు, తన వర్గాన్ని సూచించే ఒక అంకె చెబుతుంది. ఆప్టికల్ డ్రైవుల వర్గానికి కేటాయించిన అంకె 5. చదివే డ్రైవుకూ రాసే డ్రైవుకూ ఆ అంకె ఒకటే కావడంలోనే చిక్కంతా ఉంది. తొలినాటి సీడీ రికార్డర్లలో కొన్ని ‘ఒక్కసారి మాత్రమే రాయదగిన పరికరం’ అనే వేరొక వర్గం కింద, 4వ అంకెతో, తమను పరిచయం చేసుకునేవి. అప్పుడు వాటిని సీడీ డ్రైవుగానే గుర్తించని వ్యవస్థలు ఉండేవి. పరికరాలన్నీ 5వ వర్గంలోకి చేరిన తరువాత ఆ సమస్య తీరి, కొత్త సమస్య మొదలైంది. రాయగలదా లేదా అన్నది తెలియాలంటే రెండో ప్రశ్న అడగాలి. డ్రైవు సామర్థ్యాల పట్టికను తెప్పించుకుని చదవాలి. ఆ రెండో ప్రశ్న అడగడం తెలియని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రతి రైటరూ ఒక సీడీ రామ్ డ్రైవే.

1998 జూన్‌లో విడుదలైన విండోస్ 98 అటువంటిదే. సీడీ రాసే ఏర్పాటు దానిలో స్వతహాగా లేదు. నీరో, ఈజీ సీడీ క్రియేటర్ వంటి ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కకు తప్పించి డ్రైవుతో నేరుగా మాట్లాడేవి. వాటికి కూడా తాము ఎరిగిన రైటర్ల జాబితా ఉండేది. ప్రోగ్రాము కంటే డ్రైవు కొత్తదైతే ఆ జాబితాలో దాని పేరు కనిపించేది కాదు. డబ్బు పెట్టి కొన్న రైటర్‌ను మై కంప్యూటర్ సీడీ డ్రైవంటుంది, ప్రోగ్రాము అసలు రికార్డరే లేదంటుంది. కొన్నవాడు మోసపోయానని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

2. ఎక్స్‌పి కాలం:

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పి సీడీ రాయడాన్ని తనలో ఇముడ్చుకుంది. ఆ సాంకేతికతను మైక్రోసాఫ్ట్ రాక్సియో సంస్థ నుంచి లైసెన్సుపై తీసుకుంది. ఎక్స్‌పి ప్రతి డ్రైవుకూ రిజిస్ట్రీలో ‘డ్రైవ్ టైప్’ అనే ఒక విలువ రాసుకునేది. 1 అంటే సీడీ-ఆర్, 2 అంటే సీడీ-ఆర్‌డబ్ల్యూ, 3 అంటే రాయలేనిది. ఏదో ఒక కారణాన అక్కడ 3 నమోదైతే డ్రైవు లక్షణాల పెట్టెలో ‘రికార్డింగ్’ అనే విభాగమే కనిపించదు. యంత్రం చక్కగా ఉంటుంది, కేబుల్ చక్కగా ఉంటుంది. ఒక్క అంకె తప్పు, అంతే. దానిని సరిదిద్దే పద్ధతిని మైక్రోసాఫ్టే తన సహాయపత్రాలలో ప్రకటించింది.

డీవీడీ రైటర్ వచ్చిన తరువాత ఈ కాలభేదం మరింత పెరిగింది. ఎక్స్‌పి స్వతహాగా రాయగలిగింది సీడీలను. డీవీడీలలో ఒక్క డీవీడీ-రామ్ రకాన్ని మాత్రమే తానుగా రాయగలిగేది. అందువల్ల అన్ని రకాల డీవీడీలనూ రాసే డ్రైవును కొనితెచ్చి బిగిస్తే, ఎక్స్‌పి తెర మీద అది తరచుగా ‘డీవీడీ-రామ్ డ్రైవ్’ అన్న పేరుతో కనిపించేది. మన ప్రాంతంలో డీవీడీ-రామ్ డిస్కును చూసినవారే అరుదు. ఎవరికీ తెలియని పేరు తెర మీద కనబడితే పరికరం తేడాగా వచ్చిందని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లడం సహజం. 2007 జనవరిలో సామాన్య వినియోగదారులకు అందిన విండోస్ విస్టాతో గాని డీవీడీ రాయడం ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం కాలేదు. ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8 వరకు కొనసాగింది. పాత జాబితాతో పనిచేసే యంత్రాలు కొత్త డ్రైవులతో కలిసి ఎంతకాలం కాపురం చేశాయో దీనిని బట్టి ఊహించవచ్చు.

3. దోషనిర్ధారణ, ‘ఫార్మాట్ కొట్టడం’:

దోషం ఎక్కడుందో తేల్చడానికి ఒక క్రమం ఉంది. మొదట చూడవలసింది విండోస్ మొదలు కాకముందు వచ్చే నల్ల తెరను. అక్కడ డ్రైవు పేరు కనిపిస్తే పరికరం, తీగలు, మాస్టర్–స్లేవ్ జంపర్లు దాదాపు సరిగానే ఉన్నట్టు. అక్కడే కనిపించకపోతే విండోస్‌ను తప్పుపట్టి ప్రయోజనం లేదు. నల్ల తెర మీద ఉండి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో 31, 32, 39 వంటి సంఖ్యల దోషం చూపితే అనుమానించవలసింది ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అనే రిజిస్ట్రీ విలువలను. సీడీ రాసే ప్రోగ్రాములు డ్రైవుకూ విండోస్‌కూ మధ్య తమ మనిషిని ఒకరిని కూర్చోబెట్టేవి. ప్రోగ్రామును తొలగించినా ఆ మధ్యవర్తి పేరు రిజిస్ట్రీలో మిగిలిపోయేది. రెండు ప్రోగ్రాముల మధ్యవర్తులు తగవులాడుకోవడమూ ఉండేది. ఆ రెండు విలువలను తొలగించి కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభిస్తే డ్రైవు తిరిగి కనిపిస్తుంది. రాసే ప్రోగ్రామును మాత్రం మళ్లీ ఎక్కించుకోవాలి. డ్రైవు కనిపిస్తూ రికార్డింగ్ విభాగం మాత్రమే లేకపోతే అప్పుడు ‘డ్రైవ్ టైప్’ అంకెను చూడాలి.

ఈ క్రమం తెలిసినవారికి పది నిమిషాల పని. కాని ఈ వివరాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. రిజిస్ట్రీలో చేయి పెట్టడం ప్రమాదమన్న హెచ్చరికా వాటితోనే ఉండేది. ఇంటర్నెట్ అందరికీ అందుబాటులో లేని పట్టణాలలో మెకానిక్‌కు తెలిసిన నమ్మకమైన వైద్యం ఒకటే : ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయడం. దానితో మిగిలిపోయిన మధ్యవర్తులు, తప్పు అంకెలు అన్నీ పోతాయి, రైటర్ కనిపిస్తుంది. వైద్యం ఫలించినట్టే. కాని సి డ్రైవులో డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో ఉన్న మూల దృశ్యాలు, శబ్దాలు కూడా పోతాయి. ఒక్క అంకె మార్చితే సరిపోయే చోట మూలప్రతులే చెరిగిపోయే పరిస్థితి అది. మూలం పోయిన తరువాత, ఎవరికో ఇచ్చిన డిస్కు ఒక్కటే ప్రతిగా మిగులుతుంది. తాళపత్రాల పరిష్కర్తలకు ఈ స్థితి కొత్త కాదు. మాతృక పోయి ఒకే ప్రతి మిగిలిన గ్రంథం ఎంత అనిశ్చితమైనదో వారికి తెలుసు.

4. నిండు డిస్కు ఖాళీగా కనిపించడం:

గుర్తింపు దోషం డ్రైవుతో ఆగదు, డిస్కుకూ సంక్రమిస్తుంది. ఒక రోజు కొంత, మరొక రోజు కొంత రాసిన డిస్కులో ఒక్కొక్క విడతకూ వేరే విషయసూచిక ఉంటుంది. రెండో విడత రాసేటప్పుడు మొదటి దానితో లంకె పెట్టకపోతే కంప్యూటర్ చివరి సూచికను మాత్రమే చూపుతుంది. మొదటి విడత డిస్కు మీద భౌతికంగా అలాగే ఉంటుంది, కంటికి కనిపించదు. డైరెక్ట్ సీడీ, ఇన్‌సీడీ వంటి ప్రోగ్రాములతో పెన్‌డ్రైవులా వాడిన రీరైటబుల్ డిస్కులది మరొక ఇబ్బంది. వాటి ఫైలు పద్ధతి యూడీఎఫ్. విండోస్ 98 దానిలో 1.02 రూపాన్ని, ఎక్స్‌పి 2.01 వరకు చదవగలిగాయి. 2.50 రూపంలో రాసిన డిస్కును ఎక్స్‌పి చదవలేదు. చదవలేని డిస్కును చెడినదని, లేదా ఏమీ లేనిదని భావించి చెరిపి మళ్లీ వాడుకున్నవారిని తప్పుపట్టలేం. అందువల్ల ఒక ఇంట్లో లభించిన డిస్కును ‘ఖాళీ’ అని నమోదు చేసే ముందు అన్ని విడతలనూ చూపగల ప్రోగ్రాముతో పరీక్షించడం, వీలైతే రెండు వేర్వేరు డ్రైవులలో చదవడం పరిశోధకుని కనీస విధి.

తెలుగు విషయంలో ఇంకొక పొర ఉంది. డిస్కు చదవబడినా అందులోని తెలుగు చదవబడకపోవచ్చు. తెలుగు లిపిని సరిగా కూర్చి చూపే శక్తి మైక్రోసాఫ్ట్ వ్యవస్థలలో ఎక్స్‌పితో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పటివరకు, ఆ తరువాత కూడా చాలాకాలం, ముద్రణాలయాలలో వాడినవి అను, శ్రీలిపి వంటి యూనికోడేతర ఫాంట్లు. వాటిలో కూర్చిన కరపత్రం పాఠాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరు రోమన్ అక్షరాల చెత్తగా చూపుతుంది. రైటర్‌ను రీడర్‌గా చూపిన పొరపాటుకూ తెలుగును ఇంగ్లీషుగా చూపిన పొరపాటుకూ స్వభావంలో తేడా లేదు.

5. డిస్కు పుష్పిక:

తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం, తిథి రాసుకునేవాడు. డేటా సీడీకి కూడా అటువంటి పుష్పిక ఉంది, కాకపోతే చివరన కాక మొదట్లో. ఐఎస్ఓ 9660 పద్ధతిలో రాసిన డిస్కులో 16వ సెక్టారు వద్ద డిస్కు పేరు, రాసిన తేదీ, సమయం, రాసిన ప్రోగ్రాము పేరు నమోదై ఉంటాయి. నీరో తన పేరును అక్కడే రాసేది. ఖాళీ సీడీ గాడిలో తయారీదారును సూచించే సంకేతం ముందే ఉంటుంది. సాక్షి మాటలు నమోదైన డిస్కు దొరికితే అవి ఏనాటివో తేల్చడానికి కవరు మీది స్కెచ్ పెన్ను రాతల కంటే ఇవి విలువైనవి.

అయితే ఆ తేదీ కంప్యూటర్ గడియారం చెప్పినది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తాను తయారైన నాటి ఏదో ఒక జనవరి 1కి వెళ్లిపోతుంది. 2005లో రాసిన డిస్కు తనను 2000 నాటిదిగా చెప్పుకోవచ్చు. సంవత్సరం పేరు మాత్రమే రాసి శకం అంకె రాయని లేఖకుని విషయంలో పరిష్కర్తకు అరవై ఏళ్ల సందిగ్ధం ఎదురవుతుంది. డిస్కు విషయంలో సందిగ్ధం అయిదారేళ్లదే కావచ్చు. కాని 1947ను చూసిన సాక్షికి ఎనభై ఏళ్లు సమీపించిన కాలంలో, ఆయన ఆ మాటలు ఏ ఆరోగ్యంతో, ఏ జ్ఞాపకశక్తితో, అమరధామం వెలవకముందా వెలిసిన తరువాతనా చెప్పాడన్నది ఆ అయిదారేళ్ల మీదనే ఆధారపడి ఉంటుంది.