ఆమెన్ బ్రేక్

అమెరికాకు చెందిన ‘ది విన్‌స్టన్స్’ బృందం 1969లో రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో వినిపించే సుమారు 7 సెకన్ల డ్రమ్స్ వాయింపును ఆమెన్ బ్రేక్ అంటారు. వాయించినవాడు గ్రెగరీ కోల్‌మన్. హిప్‌హాప్, జంగిల్, డ్రమ్ అండ్ బేస్ శైలుల్లో వేల పాటలు ఈ ముక్క మీదే నడిచాయి.

‘కలర్ హిమ్ ఫాదర్’ పాట రికార్డుకు రెండోవైపు ‘ఆమెన్, బ్రదర్’ వాద్య సంగీతాన్ని వేశారు. దీని బాణీకి ఆధారం ‘ఆమెన్’ అనే చర్చి గీతం. మొదటివైపు పాటకు గ్రామీ పురస్కారం దక్కింది, రెండోవైపును అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒకచోట తక్కిన వాద్యాలన్నీ ఆగిపోయి, డ్రమ్స్ ఒక్కటే నాలుగు ఆవర్తాలు మోగుతుంది. మొదటి రెండింటిలో ఒకటే నడక. మూడోదానిలో ఒక స్నేర్ దెబ్బ కావాలనే ఆలస్యంగా పడుతుంది. నాలుగోదానిలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలేసి, సింబల్‌ను మనం ఎదురుచూసే చోటు కంటే ముందే కొడతాడు. ఆ ఎడమూ ఆ తొందరా కోల్‌మన్ చేతి నుంచి వచ్చినవే. పాడేవారికి, ర్యాప్ చేసేవారికి అన్నేళ్లూ ఊపునిచ్చింది అదే.

1986లో ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంకలనంలో చేరడంతో ఇది డీజేలందరికీ అందింది. రికార్డుల్లోని ముక్కలను తీసుకుని వాడే సాంప్లర్ యంత్రాలు చవకయ్యాక కోయడం, వేగం మార్చడం, తిప్పితిప్పి వాడడం తేలికైపోయింది. 1988లో ఎన్‌డబ్ల్యుఏ బృందం ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’లో వాడింది. 1990ల మొదట్లో బ్రిటన్‌లో దీని చుట్టూ జంగిల్ సంగీతమే పుట్టింది. హక్కులున్న బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఈ సంగతి 1996 దాకా తెలియదు. రాయల్టీగా ఆయనకు ఏమీ రాలేదు. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో నిలువనీడ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో ఇద్దరు బ్రిటిష్ డీజేలు చందాలు పోగుచేసి స్పెన్సర్‌కు సుమారు 24,000 పౌండ్లు అందజేశారు. మంచి పనే, కానీ వాయించినవాడు అప్పటికి లేడు.

అమెరికా కోర్టులు ఈలోగా కఠినంగానే మారాయి. ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో 1991లో న్యూయార్క్ న్యాయమూర్తి అనుమతి లేని సాంప్లింగ్‌ను దొంగతనంగానే చూశారు. ఫంకడెలిక్ పాటలోని 2 సెకన్ల గిటార్ ముక్క విషయంలో 2005లో ఒక అప్పీలు కోర్టు, ఎంత చిన్న ముక్కకైనా లైసెన్సు తప్పదంది. అక్కడ దావా వేసింది గిటార్ వాయించినవారు కాదు, హక్కులు చేతిలో ఉన్న సంస్థలు. అసలు లోపం ఇక్కడే ఉంది. చట్టం బాణీ కట్టినవారినీ రికార్డింగ్ సొంతదారునూ గుర్తించింది, చేత్తో వాయించినవారిని వదిలేసింది. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డుకు ప్రాణం పోసిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌కూ రచనలో వాటా దక్కలేదు.

మన దేశపు పాట విషయంలో పేరే కోర్టు దాకా వెళ్లింది. ‘జ్యోతి’ (1981) చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాటను అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ 2002లో ‘అడిక్టివ్’లో వాడుకుంది. సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వేయకుండా ఆల్బమ్ అమ్మరాదని 2003లో లాస్ ఏంజెలెస్ కోర్టు ఆదేశించింది.

భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వాద్యకారులతో సహా ప్రదర్శకులకు తమ పేరు చెప్పించుకునే హక్కునిచ్చింది. పాత తెలుగు సినిమా రికార్డుల మీద తబలా, వయొలిన్ వాయించినవారి పేర్లు సాధారణంగా కనిపించవు కాబట్టి మనకు ఇది చిన్న విషయం కాదు. వాడుక తీరును బట్టి పేరు వదిలేయవలసి వస్తే మినహాయింపు ఉంది. దాన్ని సాంప్లింగ్‌కు వర్తింపజేయడం అన్యాయం. స్ట్రీమింగ్ యాప్‌లో పాట వివరాల కింద మరో పేరు చేర్చడానికి చోటు లేకపోదు.