"కుయి బోనో" ప్రశ్నయు నాంగ్లమున దాని యర్థవిపర్యయమును

ఆంగ్లగ్రంథములయందు సంశయమును దెలుపు లాటిను ప్రశ్నలలో "కుయి బోనో" యనునది యొకటి. "ఎవనికి లాభము?" అని దీని యర్థము. 17వ శతాబ్దమునుండి యిది యాంగ్లరచనలలోఁ గానవచ్చుచున్నది. కాని "ఇందువలనఁ బ్రయోజన మేమి?" యను నర్థమున దీనిని వాడినవారు పెక్కండ్రు. ఈ రెండవ యర్థము సాధువగునా యనుట ప్రశ్నయొక్క పుట్టుకనుబట్టి నిర్ణయింపఁదగినది.

క్రీ. పూ. 127లో రోమునకు కాన్సలుగా నుండిన లూసియస్ కాసియస్ లాంజినస్ రావిల్లా కఠినుఁడైన న్యాయాధిపతి యని ప్రసిద్ధి కెక్కెను. విచారణలలో నాతఁడు మాటిమాటికి నీ ప్రశ్న నడుగుచుండెనని సిసిరో చెప్పియున్నాఁడు. క్రీ. పూ. 80లో అమేరియావాసి యగు సెక్స్టస్ రోస్కియస్ తండ్రిని జంపెనని నేరము మోపఁబడఁగా, సిసిరో యాతని పక్షమున వాదించెను. హతుని యాస్తి 60,00,000 సెస్టర్సుల విలువ గలది. దానిని సుల్లాచే దాస్యవిముక్తుఁడైన క్రిసోగోనస్ 2,000 సెస్టర్సులకే కొనెను; కుమారుఁడు సర్వమును గోలుపోయెను. ఈ మరణమువలన లాభపడిన వారెవరని సిసిరో యడిగెను. రోస్కియస్ నిర్దోషి యని తీర్పు వచ్చెను.

క్రీ. పూ. 52లో క్లోడియస్ వధకై విచారింపఁబడిన మిలో పక్షమున వ్రాసిన యుపన్యాసమునందును సిసిరో యీ ప్రశ్ననే యెత్తెను. అయినను మిలోకు దేశాంతరవాసము తప్పలేదు. కావున నీ ప్రశ్న శోధనకు దారి చూపునే కాని, తానే తీర్పు కాఁజాలదు.

అర్థభ్రాంతికిఁ గారణము వ్యాకరణమున నున్నది. "కుయి", "బోనో" యను రెండును జతుర్థ్యంతములే. సంస్కృతమున "కస్మై హితాయ" యన్నచో నిట్టి సందిగ్ధతయే కలుగును. రెండు పదములను విశేషణవిశేష్యములుగాఁ గూర్చినచో "ఏ మేలుకొఱకు" అని తోఁచును. వేఱువేఱుగా నన్వయించినచో "ఎవనికి మేలుగా" అని యగును. కాసియస్ ప్రశ్నకు రెండవ యన్వయమే తగినది. 1926లో వెలువడిన ఆధునికాంగ్లప్రయోగ నిఘంటువున హెన్రీ వాట్సన్ ఫౌలరు మొదటి యర్థమును దోషముగా నెంచెను.

ఇది కేవలము పండితుల పట్టుదల కాదు. "ప్రయోజన మేమి?" యన్నచో నేమియు లేదని చెప్పి యూరకుండవచ్చును. "ఎవనికి లాభము?" అన్నచో నొక మనుష్యుని జూపవలసి వచ్చును. కావున ఫలము ననుభవించినవానిని విచారించుచోటనే యీ ప్రశ్నను బ్రయోగించుట యుక్తము; నిష్ఫలత్వమును జెప్పఁదలఁచినచో సామాన్యమైన యాంగ్లపదములే చాలును.