జిగ్సా పజిల్: ఇంటిల్లిపాదీ కూర్చే బొమ్మ

జిగ్సా పజిల్ అంటే ఒక బొమ్మనో పటాన్నో చెక్క మీదో అట్ట మీదో అతికించి, వంకరటింకర ముక్కలుగా కోసి, ఆ ముక్కలన్నీ కలిపి మళ్లీ మొదటి బొమ్మను తెచ్చుకునే ఆట. ఇది పుట్టి రెండున్నర శతాబ్దాలు దాటింది. పిల్లలకు భూగోళం నేర్పే పనిముట్టుగా మొదలై, పెద్దల కాలక్షేపమై, చివరికి ఇంట్లోవాళ్లంతా ఒకే బల్ల చుట్టూ చేరి చేసే పనిగా స్థిరపడింది. దాని అసలు స్వభావం తెలిసింది ఈ మూడో దశలోనే. ఎదుటివాళ్లను ఓడించే పని లేకుండా, నలుగురూ కలిసి బుర్ర బద్దలు కొట్టుకోనిచ్చే ఇంటి ఆటలు చాలా తక్కువ. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడి ఉన్న చిత్తూరు జిల్లా ఐరాల మండలం లాంటి చోట ఈ పజిల్‌ను పట్నాల నుంచీ ఇంగ్లీషు బడుల నుంచీ వచ్చిన సరుకుగానే చూస్తారు. పెట్టె కొత్తదే, కాదనలేం. కానీ అందులోని పని ఇక్కడి ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసినదే.

చరిత్ర పుస్తకాలు ఈ ఆటను లండన్‌కు చెందిన జాన్ స్పిల్స్‌బరీతో మొదలుపెడతాయి. ఆయన పటాలు చెక్కే పనివాడు. 1760ల్లో దేశపటాలను మహాగని పలకల మీద అతికించి, దేశాల సరిహద్దుల వెంట సన్నని రంపంతో కోసి అమ్మాడు. పిల్లవాడు ఫ్రాన్సును తీసి స్పెయిన్ పక్కన పెట్టడం నేర్చుకుంటే భూగోళం వచ్చినట్టే. ఆయనకంటే ముందే లండన్‌లో పాఠాలు చెప్పిన ఫ్రెంచి ఉపాధ్యాయురాలు, ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ కథను అందరికీ తెలిసిన రూపంలో రాసిన లెప్రాన్స్ ద బోమాన్, ఇలాంటి చెక్క పటాలను వాడినట్టు ఆధారాలున్నాయి. మూడో జార్జి రాజు పిల్లలను పెంచిన లేడీ షార్లెట్ ఫించ్ దగ్గర కోసిన పటాలు దాచిన బీరువా ఉండేది. ఈ ముగ్గురి కాలంలో పజిల్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. అది ఉన్నవాళ్ల పిల్లల చేతిలో, గురువు కళ్లముందు ఉంది. ముక్క సరైన చోట పడిందా లేదా అని చూసే మనిషి పక్కనే ఉంటే అది పరీక్షే అవుతుంది. ఖరీదు కూడా అలాగే ఉండేది. ఒక్కో పలకనూ చేత్తో కోయాలి మరి.

పెద్దలు దీన్ని తమ ఆటగా చేసుకోవడానికి శతాబ్దంన్నర పట్టింది. 1908 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్, న్యూయార్క్ ఇళ్లలో చెక్క పజిళ్ల మోజు ఎంతగా లేచిందంటే, 1909లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మిగతా ఆటల తయారీ ఆపి ఫ్యాక్టరీ మొత్తాన్నీ వీటికే అప్పగించింది. అప్పటి పెట్టెల మీద బొమ్మ ఉండేది కాదు. లోపల ఏముందో పూర్తయ్యేదాకా తెలియదు. ముక్కలు చాలావరకు ఒకదాన్నొకటి పట్టుకునేవి కావు, చేయి తగిలితే గంట పని చెదిరిపోయేది. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. వంచిన ఉక్కు పట్టీలను అచ్చులో బిగించి, ఒక్క నొక్కుతో అట్టను వందల ముక్కలుగా తెంపే పద్ధతి అప్పటికే అందుబాటులో ఉంది. దాంతో 1932, 1933ల్లో వారానికో కొత్త పజిల్ పత్రికల అంగళ్లలోకి వచ్చేది. 1933 తొలి నెలల్లో అమెరికాలో వారానికి కోటి పజిళ్లు అమ్ముడయ్యాయని అంచనా. కొనలేనివాళ్లకు గ్రంథాలయాలూ మందుల అంగళ్లూ అద్దెకిచ్చాయి. ఉద్యోగాలు పోయి ఇంట్లో కూర్చున్న మనుషులు, సినిమాకు పోయే డబ్బు లేని కుటుంబాలు, రాత్రి దీపం కింద ముక్కలు కలిపారు. పజిల్ ఇంటి ఆట అయింది అప్పుడే, అదీ చవక కావడం వల్లే.

ఈ ఆట ఎంత కష్టమో, ఆ కష్టం నలుగురు చేరితే ఎలా మారుతుందో లెక్క వేసి చూస్తే విషయం తేలుతుంది. అడ్డంగా 40, నిలువుగా 25 ముక్కలుండే వెయ్యి ముక్కల పజిల్‌ను తీసుకుందాం. ఏది దేనికి అతుకుతుందో ఏమీ ఆలోచించకుండా జతలు జతలుగా పెట్టి చూడాలంటే 4,99,500 జతలున్నాయి. అందుకే అందరూ ముందు అంచు ముక్కలు ఏరుతారు. ఒక పక్క తిన్నగా ఉన్నవి 126 మాత్రమే, వాటి మధ్య జతలు 7,875. చట్రం పడ్డాక లోపలికి మిగిలేవి 874. వాటిని ఒకే కుప్పగా ఉంచితే జతలు 3,81,501. ఆకాశం, నీళ్లు, చెట్లు, ఇటుక గోడ, పూలు అని రంగును బట్టి ఇంచుమించు సమానమైన ఐదు కుప్పలు చేస్తే జతలన్నీ కలిపినా 76 వేల లోపే, అంటే ఐదో వంతు. పైగా ఆ ఐదు కుప్పలూ ఐదుగురి ముందు ఉండొచ్చు. ఒకరి వంతు కోసం ఇంకొకరు కాచుకోనక్కర్లేదు. పిల్లవాడు మూల ముక్కలు నాలుగూ వెతుకుతాడు, అవ్వ ఎరుపులో ముదురునూ లేతనూ వేరు చేస్తుంది, మొండిగా మిగిలిన ఆకాశాన్ని ఓపిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. అక్కడ రంగు పనికిరాదు. బుడిపె సన్నగా ఉందా, మెడ దగ్గర వంగిందా అని ఆకారాన్నే చూడాలి. చదరంగంలో పక్కనున్నవాళ్లు ఎత్తు చెబితే తప్పు. ఇక్కడ ‘అదిగో, నీ మోచేతి కింద ఉంది’ అన్న మాటే ఆట. జిగ్సా పజిళ్లను కంప్యూటర్‌తో పరిష్కరించడం సాధారణ రూపంలో చాలా కఠినమైన సమస్యల కోవలోకి వస్తుందని 2007లో గణితపరంగా నిరూపించిన మార్టిన్ డిమేన్, ఎరిక్ డిమేన్ తండ్రీకొడుకులు కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

దక్షిణ రాయలసీమ ఇళ్లలో వారసత్వంగా వచ్చిన ఆటలను దీని పక్కన పెట్టి చూస్తే ఒక తేడా తెలుస్తుంది. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఒకరు తినాలి, ఇంకొకరు కట్టెయ్యాలి. వామనగుంటల్లో పద్నాలుగు గుంటలు, ఎవరి చింతగింజలు వాళ్లవి. అష్టాచెమ్మాలో నలుగురు కూర్చున్నా ఎవరి కాయ వాళ్లు పండించుకోవడమే, దారిలో పక్కవాళ్ల కాయను చంపడమే. గొప్ప ఆటలివి, మనుషులను దగ్గర చేసినవే. కానీ చివరికి గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఉండే ఆటలు. అలా కాకుండా అందరి బుర్రా ఒకే చిక్కు మీద పెట్టే పని ఇక్కడి ఇంట్లో ఏదైనా ఉందా అంటే అది వాకిట్లోని మెలికల ముగ్గు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కల్లాపి చల్లి, ఒకరు చుక్కలు పెడతారు. ‘15 చుక్కలు, సందు చుక్క 8 వరకు’ అంటే మొత్తం 169 చుక్కలు. గీత చుక్కను తాకకూడదు, ఏ చుక్కనూ వదలకూడదు, తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చి మూసుకోవాలి. వంగి గీసేవాళ్లకు మొత్తం కనిపించదు. నిలబడి చూసేవాళ్లే ‘అక్కా, ఆ పక్క ఒక చుక్క వదిలేశావు’ అనాలి. పత్రికలో అచ్చయిన చిన్న ముగ్గు బొమ్మ చేసే పని, పజిల్ పెట్టె మూత మీది బొమ్మ చేసే పని ఒకటే.

ఈ పోలికను ఊరికే తేలేదు. ముగ్గు కూడా నియమాలకు లోబడిన చిక్కే. గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ అంచు దగ్గర మళ్లే సాదా అల్లికలో వరుసకు 5 చుక్కల చొప్పున 4 వరుసలు పెడితే ఒకే గీత అన్నిటినీ చుట్టేస్తుంది. నాలుగు నాలుగులు పెడితే మాత్రం నాలుగు వేర్వేరు గీతలు కావాలి. ఆ రెండు అంకెల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు అన్ని. ఎక్కడో ఒక మెలిక మార్చి నాలుగింటినీ ఒకటి చేయడమే చేయి తిరిగిన ముగ్గుకు గుర్తు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970ల్లో ముగ్గుల నిర్మాణాన్ని కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలతో వివరించారు. ఆచారంగా చూస్తే ఇంకా వెనక్కి పోవచ్చు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు ఎవరి తిరుప్పావై వినిపిస్తుందో ఆ ఆండాళ్, తన ‘నాచ్చియార్ తిరుమొళి’ మొదట్లోనే నేల శుభ్రం చేసి మండలం వేయడాన్నీ, సన్నని తెల్ల ఇసుకతో వీధిని అలంకరించడాన్నీ ప్రస్తావించింది.

కోసిన పటం ఈ ప్రాంతానికి వచ్చిన దారి మళ్లీ బడి గుండానే. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిలో పిడులున్న చెక్క దేశపటాలు ముఖ్యమైన పరికరాలు. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1987లో మొదలైన ఫన్‌స్కూల్ కంపెనీ గోవాతోపాటు చిత్తూరుకు దగ్గర్లోని రాణిపేటలోనూ ఆటవస్తువులు తయారుచేస్తోంది, పజిళ్లు కూడా దాని సరుకే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం తెచ్చిన ‘జాదుయీ పిటారా’ పెట్టెలో పజిళ్లకు చోటిచ్చారు. మధ్యలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ప్రపంచమంతా తలుపులు మూసుకున్నప్పుడు పజిళ్లకు గిరాకీ తయారీదార్లు తట్టుకోలేనంతగా పెరిగింది. 1933లో జరిగిందే మళ్లీ జరిగింది. ఇంట్లో చిక్కుపడిన మనుషులు దీన్ని వెతుక్కున్నారు. మన దగ్గర మాత్రం ఇంకా ఎక్కువగా ‘చిన్నపిల్లల తెలివి పెరగడానికి’ కొనే వస్తువే, అంటే స్పిల్స్‌బరీ కాలంలోనే ఉన్నాం.

దీని మీద అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, బొమ్మ మూత మీదే ఉండగా దాన్ని మళ్లీ కూర్చడంలో ఏం గొప్ప, ఇది వట్టి కూలిపని కదా అనేది. మూత బొమ్మ తర్వాత వచ్చి చేరిందని చరిత్ర చెబుతోంది, కావాలంటే మూత దాచేసి ఆడుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, బొమ్మ తెలిసినంత మాత్రాన ముక్క చోటు తెలియదు. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1978 నాటి నవలలో చెప్పినట్టు, ఒంటరిగా కూర్చుని చేసినా పజిల్ ఒంటరి ఆట కాదు. కూర్చేవాళ్లు వేసే ప్రతి అడుగూ కోసినవాడు ముందే ఊహించినదే. రెండోది బలమైన అభ్యంతరం: దీనికి తీరిక కావాలి, బల్ల కావాలి, మామిడి కోతల్లోనూ చెరుకు ఆడి బెల్లం వండే రోజుల్లోనూ ఎవరికుంటుంది అని. తీరిక లేదన్నది నిజం. అయితే సగంలో వదిలేస్తే పులిజూదం చెడిపోతుంది, పజిల్ చెడిపోదు. ఒక ప్లైవుడ్ పలక మీద కూర్చి రాత్రికి మంచం కిందికి తోసేస్తే వారం తర్వాతైనా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. పని ముగించుకుని వచ్చినవాళ్లు నిలబడే రెండు ముక్కలు కలిపి పోవచ్చు. పెద్ద బల్లలున్న ఇళ్లలో కాదు, జీతాలు లేని ఇళ్లలోనే ఇది ప్రజల ఆట అయిందన్న సంగతి పైన చూశాం.

ఫోనులోనే పజిళ్లు వస్తున్నాయి కదా అనేవాళ్లున్నారు. వస్తున్నాయి, ముక్క పోదు కూడా. కానీ అరచేతిలోని తెరకు ఒక్క వేలే పడుతుంది, ఒక్క జత కళ్లే పడతాయి. పైన వేసిన లెక్కలో నలుగురు పంచుకునే కుప్పలు అక్కడ లేవు. ఇక పోటీలూ ఉన్నాయి కదా, స్పెయిన్‌లోని వయ్యదోలీద్‌లో 2019 నుంచి ప్రపంచ జిగ్సా పోటీలు జరుగుతున్నాయి కదా అన్నది మరో ప్రశ్న. ఒంటరిగా గడియారంతో పోటీపడే విభాగం అక్కడ ఉంది, అది నా వాదనకు కొంత అడ్డే. అయినా అక్కడే ఇద్దరి జంటలకూ నలుగురి జట్లకూ వేరే విభాగాలు పెట్టారు. జట్టులో నలుగురూ ఒకే బొమ్మ మీద పనిచేస్తారు, ఒకరి ముక్క ఇంకొకరికి అందిస్తారు. చేతులు కలిసేకొద్దీ పని వేగమవడం ఈ ఆటకున్న గుణం.

ధర సంగతి మిగిలింది. ఒకసారి కూర్చిన బొమ్మను అదే ఇల్లు వెంటనే మళ్లీ కూర్చదు. వెయ్యి ముక్కల పెట్టె కొని అటక మీద పెట్టడం ఎవరికైనా బరువే. అందువల్ల ఇది కొనడం కంటే అరువు తెచ్చుకోవడానికి తగిన వస్తువు. మాంద్యం రోజుల అద్దె పజిళ్లు నడిచింది ఈ కారణంతోనే. మన ఊళ్ల శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాల పక్కన పది పెట్టెలు ఉండకపోవడానికి కారణం అలవాటు లేకపోవడమే. ముక్కలు పోతాయన్న భయానికీ సులువైన మందుంది. కొత్త పెట్టెలోని ముక్కలను ఒకసారి తూచి బరువు మూత మీద రాసిపెట్టి, తిరిగి తెచ్చినప్పుడు నగల అంగడిలో వాడేలాంటి సన్నపు త్రాసులో వేస్తే లోటు చాలావరకు తెలిసిపోతుంది. వేసవి సెలవుల్లో మొదలుపెడితే పిల్లలే పెట్టెలు ఇంటికి మోస్తారు.