మా ఊరి లెవెల్

'లెవెల్' అనే ఇంగ్లీషు మాట తెలియనివాళ్లు మా కేజీఎఫ్‌లో ఎవరూ ఉండరు. నిఘంటువు తీసి చూస్తే ఈ ఒక్క మాటకు ఎన్నో అర్థాలు కనిపిస్తాయి. మట్టం, ఎత్తు, సమం, చదును, స్థాయి, అంతస్తు. మేస్త్రీ గోడ మీద పెట్టి చూసే రసమట్టం కూడా లెవెలే. రోడ్డూ రైలు పట్టాలూ ఒకే ఎత్తులో కలిసే చోట గేటు వేస్తే అది లెవెల్ క్రాసింగ్. మిట్టపల్లాల చేను చదును చేయిస్తే "లెవెల్ చేయించినాము" అంటారు. ఎవరైనా గొప్పలకు పోతే "వాడికి లెవెల్ ఎక్కువైంది" అంటాం. ఆటల పోటీలు తాలూకా లెవెల్, జిల్లా లెవెల్ అని ఉండనే ఉన్నాయి.

ఇవి అన్ని ఊళ్లలోనూ ఉన్న అర్థాలే. మా ఊళ్లో ఇంకొకటి ఉంది. మా ముందు తరాలవాళ్లు దాన్ని పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, భూమిలోకి దిగి నేర్చుకున్నారు.

మా ఊరి బంగారం కథ పాతది. 1799లో టిప్పు సుల్తాన్ మరణించిన తరువాత బ్రిటిష్ వాళ్లు మైసూరు రాజ్యం సరిహద్దులు కొలిపించారు. ఆ పని మీద 1802లో ఈ వైపు వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి, ఇక్కడి జనం మట్టి కడిగి బంగారం రేణువులు తీయడం కళ్లారా చూశాడు. అంటే తెల్లవాళ్లు కనిపెట్టకముందే మన పల్లెలవాళ్లకు ఆ సంగతి తెలుసు. వారెన్ రాసిన నివేదికను చాలా ఏళ్ల తరువాత లావెల్ అనే మాజీ సైనికుడు చదివి, 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వుకునే హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ రంగంలోకి దిగింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ అని నాలుగు పెద్ద గనులు లేచాయి. ఉత్తర ఆర్కాడు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు కూలి కోసం వచ్చి ఇక్కడ నిలబడిపోయారు.

గనిలో ముందు నిలువుగా బావిలాంటి షాఫ్ట్ దించుతారు. ఆ షాఫ్ట్ నుంచి ఒక్కో లోతులో పక్కకు సొరంగం తవ్వుకుంటూ పోతారు. ఆ సొరంగమే లెవెల్. సుమారు నూరడుగులకు ఒకటి చొప్పున వాటికి పైనుంచి కిందికి నంబర్లు వేసేవారు. మిద్దె ఇంట్లో అంతస్తు నంబరు పెరిగితే మనిషి పైకి పోయినట్టు. గనిలో నంబరు పెరిగేకొద్దీ మనిషి లోతుకు పోయినట్టు. ఎత్తును చెప్పే మాట మా ఊళ్లో ఇట్లా లోతును చెప్పే మాటగా మారింది.

మా వీధిలో గనిలో పనిచేసిన తాత ఒకరున్నారు. ఆయన లెవెల్ నంబర్లను వీధుల పేర్లు చెప్పినట్టు చెబుతారు. "తొంబయ్యో లెవెల్ అంటే తమాషానా నాయనా? రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేది. చొక్కా పిండితే చెమట కారేది" అన్నారు ఒకసారి. ఆయన మాటలో అతిశయం లేదు. అంత లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. అందుకే గాలిని యంత్రాలతో చల్లబరిచి కిందికి పంపేవారు. వేడి కంటే భయం రాయి పగలడం. పైనున్న కొండంత బరువుకు గోడలు ఒక్కసారిగా బద్దలయ్యేవి. అట్లా ఎందరో పోయారు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఇంకెందరో.

ఇక్కడ నేను ఒక చిన్న లెక్క వేశాను. కేజీఎఫ్ సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. చాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3,200 మీటర్లు. అంటే గని అడుగు సముద్ర మట్టానికి 2,350 మీటర్ల కింద ఉంది! కేజులో దిగే కార్మికుడు ఇంచుమించు 28వ లెవెల్ దగ్గర సముద్ర మట్టాన్ని దాటేవాడన్నమాట. జన్మలో సముద్రం చూడనివాళ్లు కూడా ప్రతి షిఫ్టులో రెండుసార్లు దాన్ని దాటారు. ఒకసారి దిగేటప్పుడు, ఒకసారి ఎక్కేటప్పుడు.

లోపల ఉన్నట్టే నేల మీద కూడా లెవెల్స్ ఉండేవి. దొరలకు తోటల మధ్య బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. అందుకే మా ఊరిని చిన్న ఇంగ్లాండ్ అనేవారు. కూలివాళ్లకు లైన్లలో చిన్న చిన్న గదులు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి కరెంటు తెచ్చారు. దేశమంతా గొప్పగా చెప్పుకున్న ఆ కరెంటు వచ్చింది మొదట యంత్రాల కోసం. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీయాలని యాజమాన్యం అనుకుంటే, తమను దొంగల్లాగా చూస్తున్నారని కార్మికులు పని ఆపేశారు. లెవెల్ అనే మాటకు 'సమం' అనే అర్థం కూడా ఉందని ఆ రోజు వాళ్లు గుర్తుచేసినట్టు నాకు అనిపిస్తుంది.

ఆ లోతు సైన్సుకు కూడా పనికొచ్చింది. 1965లో 7,600 అడుగుల లోతున టాటా పరిశోధన సంస్థవాళ్లు, జపాన్, ఇంగ్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి, కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఆకాశం నుంచి వచ్చే కణాన్ని చూడడానికి మా ఊరి గనిలోకి దిగవలసి వచ్చింది!

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. ఖర్చు పెరిగి బంగారం తగ్గి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చి వెళ్లిపోయింది. ఊరికి మిగిలిన ఎత్తు సైనైడ్ దిబ్బలు మాత్రమే. రాయి పొడి చేసి బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి అది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. మూసిన లెవెల్స్‌లో నీళ్లు నిండాయి. పనికోసం ఊరి జనం చీకటితోనే రైలెక్కి బెంగళూరు పోతున్నారు.

నేడు కోలారు జిల్లాలో లెవెల్ అంటే ఎక్కువగా వినిపించేది బోరు నీళ్ల లెవెల్. ఒకప్పుడు బంగారం కోసం లోతుకు పోయిన జిల్లాలో ఇప్పుడు రైతులు నీళ్ల కోసం వెయ్యి అడుగులు దాటి తవ్విస్తున్నారు. 2018 నుంచి బెంగళూరులో శుద్ధిచేసిన నీళ్లను మన చెరువులకు పంపుతున్నారు. మా ఊళ్ల నుంచి బంగారం బయటికి పోయింది, వాడేసిన నీళ్లు తిరిగివచ్చాయి అని పెద్దవాళ్లు అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మిత్రులారా, గనులు మూసినప్పుడు మనలో ఎవరూ పుట్టలేదు. కేజు ఎక్కినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. కంపెనీ లెక్కల్లో ఎన్ని టన్నులో రాసి ఉంది. కాని వాళ్లు ఏ లెవెల్లో ఏమి చూశారో, ఎవరిని పోగొట్టుకున్నారో వాళ్ల నోటనే ఉంది, అదీ ఇంట్లో మాట్లాడే తెలుగులో, తమిళంలో ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో అట్లాంటి తాతలుంటే "మీరు ఎన్నో లెవెల్లో పనిచేసినారు తాతా?" అని అడగండి. వాళ్లు చెప్పింది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. మన పాఠ్యపుస్తకంలో లేని పాఠం అది.